జూన్ ఒకటి కాని పిల్ల

"ఏమప్పా, నా వయసు పెంచేదానికి నువ్వెవరు?"

తలుపు దగ్గర నిలబడి ఈ మాట అడిగిన పిల్లను నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. చేతిలో టెన్త్ సర్టిఫికెట్. బత్తలపల్లె బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖం ఎర్రగా ఉంది. ఆ ఎరుపు ఎండది కాదని రెండో మాటకే తెలిసిపోయింది.

"ఇరవై నాలుగున్నర ఏండ్లదాన్ని ఇరవై ఐదు నిండినదాన్ని చేసినావు. పెండ్లి కావాల్సిన పిల్లకు ఎవరైనా వయసు తగ్గించి చెప్తారు. పెంచేవాణ్ణి నిన్నే చూస్తాండా!"

"నేను పెంచలేదండీ. కంప్యూటర్..."

"కంప్యూటర్‌కు నా మీద పగేమన్నా ఉండాదా?"

ఆ పిల్ల పేరు గంగాదేవి. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టడం నేర్పే ఐదు నెలల ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టుకుంది. 2003 జూలై ఒకటో తేదీకి ఇరవై ఐదేండ్లు నిండనివాళ్ళకే సీటు. దరఖాస్తులన్నీ ఎక్కించి లిస్టు తీసే పని మా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చింది. ఆ లిస్టు తీసిన మొనగాణ్ణి నేనే, గిరిని.

"పుట్టిన తేదీ చెప్పండి."

"ఇరవై ఆరు, డిసెంబర్, డెబ్బై ఎనిమిది. ఈడ రాసుండాది, కండ్లుంటే చూసుకో."

లిస్టు తియ్యమని కంప్యూటర్‌కు నేను రాసిచ్చిన లెక్క, క్వెరీ అంటారు, తెరిచి చూశాను. అది పుట్టిన తేదీలోంచి సంవత్సరం ముక్క ఒక్కటే లాక్కుని, రెండువేల మూడులోంచి తీసేస్తోంది. ఇరవై ఐదు. నెలా, రోజూ దానికి అక్కర్లేదు. అదే చెప్పాను. చెప్పకుండా ఉన్నా బాగుండేది.

"సంవత్సరం ఉంచుకుని నెలా దినమూ పారేసినావా? మా యమ్మ నన్ను కనింది ఒక్క దినమప్పా, సంవత్సరం పొడుగునా కాదు! వామి కాడ చెనక్కాయలు తెంపుతా ఉంటే నొప్పులొచ్చినాయంట. ఆ దినం నీకు చెత్తా?"

"పరీక్ష చేసే పెట్టినా. నా తేదీతో, మా ఫ్రెండ్స్ తేదీలతో. అన్నీ సరిగ్గానే వచ్చినాయి."

"నీ తేదీ ఏంది?"

"జూన్ ఒకటి."

"మీ ఫ్రెండ్స్‌వి?"

ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పాను. ఐదుగురివీ జూన్ ఒకటే. బడిలో చేర్చేటప్పుడు మా అయ్యవారు ఎవరినీ పుట్టినరోజు అడగలేదు. వరసగా జూన్ ఒకటి అని రాసుకుంటూ పోయాడు. జూలై నాటికి మా అందరి పుట్టినరోజులూ దాటిపోయి ఉంటాయి కాబట్టి, సంవత్సరం ఒక్కటి చూసినా లెక్క సరిపోయింది.

గంగాదేవికి అర్థమైపోయింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా అయ్యవారూ అదే రాస్తానన్యాడు. నా బిడ్డ పుట్టిన దినం నాకు తెలుసు, అదే రాయమని మా నాయన పొద్దుగూకే దాకా బడి ముందర కూర్చున్యాడు. ఆయప్ప అంత కష్టపడి రాయించిన దినాన్ని నువ్వు ఒక్క నొక్కుతో పారేస్తివి." గొంతు కొంచెం తగ్గింది. "డిసెంబర్ వస్తే నాకు నిజంగానే నిండుతాయి. మళ్ళీ బ్యాచ్‌కు నా పేరు ఎవరూ తీసుకోరు. నాకుండేది ఈ ఒక్కసారే."

గోల విని మా సెంటర్ ఓనరు ఓబుళేసు సార్ లోపలి గదిలోంచి వచ్చాడు.

"లిస్టు మీద నిన్ననే ఆఫీసరు సంతకమైపోయింది కదమ్మా. సరే, గొడవెందుకు. గిరీ, ఈ పాప పేరొక్కటి చివర్లో టైపు చెయ్యి."

నా ప్రాణం తేలికపడింది. ఆ పిల్లకు మాత్రం ఇంకా మండింది.

"నాకొక్కదానికే ఎందుకన్నా? అరిచినదానికి సీటు, అరవనిదానికి లేదా? నా మాదిరి ఇంకెంతమంది ఉండారో చూడమను!"

కూర్చుని క్వెరీ మళ్ళీ రాశాను. సంవత్సరం, నెల, రోజు మూడూ చూడు, ఈ ఏటి పుట్టినరోజు ఇంకా రాకుంటే ఒకటి తగ్గించు. మీట నొక్కితే పదకొండు పేర్లు కొత్తగా వచ్చాయి. పదకొండు మంది ఆడపిల్లలు. వాళ్ళలో అరవడానికి వచ్చింది ఈమె ఒక్కతే.

"కొత్త లిస్టు పంపితే పాతది తప్పని ఒప్పుకున్నట్టే," అన్నాడు సార్. "ఎవరు చేసినారంటే ఏం చెప్పాల?"

"నా పేరు చెప్పండి సార్."

తప్పు నాదేనని కాగితం రాసి సంతకం పెట్టాను. అప్పుడు మొదటిసారి గంగాదేవి కోపం లేకుండా నా వైపు చూసింది. అంతలోనే మళ్ళీ తెచ్చుకుంది.

"సంతకం కింద తేదీ వెయ్యి. పూర్తిగా."

కొత్త లిస్టు సంతకమై రావడానికి వారం పట్టింది. ఆ వారంలో మూడుసార్లు వచ్చి నన్ను తిట్టిపోయింది. మూడోసారికి నేను తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తిట్ల కోసం ఎదురుచూస్తున్నాను.

గంగాదేవి రాయదుర్గం పోయే రోజు నేనూ బస్టాండుకు వెళ్ళాను. ఊరికే వచ్చానని చెప్పాను. నమ్మలేదు. అనంతపురంలో మారాలి కాబట్టి ఆ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నాలుగు చినుకులు పడ్డాయి. మట్టి వాసన లేచిందో లేదో, ఆగిపోయాయి.

"ఈ వాన కూడా నీ మాదిరే," అంది. "ఒక ముక్క తెచ్చి, మిగిలింది యాడనో పారేసొచ్చింది."

"గంగాదేవీ, ఒక మాట."

"చెప్పు. బస్సు పోతాది."

"ఎప్పుడన్నా ఒకరోజు మీ ఇంటికొచ్చి... మీ నాయనతో మాట్లాడల్లనుకుంటాండా. మన గురించి."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ పిల్ల ముఖం మళ్ళీ ఎర్రబడింది. ఈసారి అది ఏ ఎరుపో కనిపెట్టేంతలోనే విరుచుకుపడింది.

"ఎప్పుడన్నా ఏంది? ఒకరోజేంది? మళ్ళీ నెలా దినమూ పారేస్తాండావే! నా పుట్టినదినం కోసం పొద్దుగూకే దాకా కూర్చున్న మనిషి మా నాయన. తేదీ లేకుండా పోతే నిన్ను వాకిట్లోకే రానీడు. పెన్నుండాదా?"

కాగితం లేదు. అరచెయ్యి చాపాను.

"రాసుకో. ఇరవై ఆరు. డిసెంబర్. రెండువేల మూడు. అప్పటికి ట్రైనింగ్ అయిపోతాది, నాకూ ఇరవై ఐదు నిండుతాయి. రాసినావా? మూడూ రాసినావా?"

చెయ్యెత్తి చూపించాను. బస్సు కదిలింది. దుమ్ములోంచి తల బయటపెట్టి ఇంకోసారి అరిచింది.

"జూన్ ఒకటిన వచ్చినావంటే చూడు!"