తోడుకు తీసుకున్న రాయి

సాయంత్రం నాలుగు గంటలు. మే నెల. ఎండ తగ్గలేదు, పైగా దుమ్ము గాలి లేచింది. రెండు వేల నాలుగులో, అనంతపురంలో.

మా అమ్మాయి పుష్పావతికి అప్పుడు ముప్పై ఒకటి. ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. పదకొండు పెళ్ళిచూపులు అయినాయి. పదకొండో వాళ్ళు పోయినాక చీర మడిచిపెట్టి, "ఇంక ఇంట్లో చూపులకు కూర్చోనమ్మా" అనింది. వాళ్ళ నాయన పోయి అప్పటికి ఆరేండ్లు. ఇద్దరం ఉన్నా, ఇల్లు ఒక్కరే ఉన్నట్లు ఉండేది.

వీరేష్ ఇంటర్నెట్‌లో దొరికినాడు, పెళ్ళి సంబంధాల సైటులో. కదిరిలో ఎరువుల అంగడి. నెల రోజులు ఫోన్లో మాట్లాడుకున్నారు. మొదటిసారి చూసుకునేది మాత్రం బయటనే, క్లాక్ టవర్ దగ్గర ఐస్‌క్రీం అంగట్లో.

నేను తోడు వస్తానన్నా. సరే అనింది. గడప దాటేలోపల మా అక్క కదిరమ్మ ఊడిపడింది.

"పదకొండు మందికి బోండాలు చేసి పెట్టినాం. ఈసారన్నా వాళ్ళు మనకు పెట్టనీ. నేనూ వస్తా."

ముగ్గురం అయినాం. మంచి పనికి ముగ్గురు పోకూడదు. పోతే ఒక రాయి వెంట తీసుకోవాల, అది నాలుగో మనిషి కింద లెక్క. మా అమ్మ చేసేది, నేనూ చేసినా. ఆటో కోసం నిలబడింది శ్మశానం గోడ పడిపోయిన చోట. దుమ్ముకు కండ్లు తెరవలేకపోయినా. వంగి, చేతికి తగిలిన రాయి సంచిలో వేసుకున్నా.

ఆటోలో చూసినా. రాయికి పసుపు పూసి ఉండాది, సమాధి తల దగ్గర పెట్టే రాయి మాదిరి.

"యాడిదే అది?" అనింది అక్క.

"రోడ్డుదే."

వెనక్కి తిప్పమంటే పుష్ప మొహం ఎట్లయితాదో నాకు తెలుసు.

అంగట్లో సంచి పుష్ప పక్క కుర్చీలో పెట్టినా. వీరేష్ లేచి దండం పెట్టినాడు. అక్కకు. నాకు. తర్వాత ఆ కుర్చీకి.

"ఈమె ఎవరు?"

పుష్ప సంచి మీద తట్టి నవ్వింది. "మా నాలుగో మనిషి."

"మాట్లాడరా?"

"మాట్లాడదు. రాయి!"

అతను నవ్వలేదు. అతని చూపు సంచి మీద లేదు. కొంచెం పైన... మనిషి మొహం ఉండే ఎత్తులో.

అంగడాయన నీళ్ళు తెచ్చినాడు. ఐదు గ్లాసులు. మేం నలుగురం.

కరెంటు పోయింది. ఫ్యాను నిలబడింది. తలుపులు మూసి ఉన్నాయి, లోపల చీకటి. తడి మన్ను వాసన వచ్చింది. అప్పుడే తవ్విన మన్ను. మాకు వాన పడి ఏడాది దాటింది.

ఎవరో నీళ్ళు తాగుతాండారు. గుటక... గుటక...

కరెంటు వచ్చింది. ఆ కుర్చీ ముందరి గ్లాసు ఖాళీ.

లేవండి, పోదాం అనాల్సింది. అనలేదు. పుష్ప నవ్వుతాండాది. ఆరేండ్ల తర్వాత నవ్వుతాండాది. వదిలించుకుంటే చాలనుకున్నా. ఎవరూ చూడకుండా రాయి తీసి కింద పెట్టి, కాలితో టేబుల్ కిందికి నెట్టినా. అది పోయి వీరేష్ కాళ్ళ దగ్గర ఆగింది.

ఆరుకల్లా ఇంటికొచ్చినాం. అక్క పడుకునింది. పుష్ప ఫోను పక్కనే కూర్చునింది. "కదిరి చేరితే ఫోన్ చేస్తానన్నాడు."

ఎనిమిదిన్నరకు మోగింది. "నువ్వు తియ్యమ్మా," అనింది సిగ్గుపడి.

"నేను వీరేష్ అమ్మనమ్మా," అనింది అవతల గొంతు. "మీ అమ్మాయి మా ఇంట్లోనే ఉండాది. దిగులు పడొద్దు."

ఎదురుగా పుష్ప నన్నే చూస్తాండాది.

"ఏ... ఏ అమ్మాయి?"

ఆమె గొంతు తగ్గించింది. "చూసుకున్న రోజే పిల్లను పంపిస్తారా ఎవరన్నా? కాళ్ళ నిండా తడి మన్ను. నీళ్ళు తాగుతానే ఉండాది. రెండు బిందెలు అయిపోయినాయి. మావాడు ఆమె పక్క నుంచి లేయడం లేదు. పిలిస్తే పలకడం లేదమ్మా... వాని చేయి పట్టుకుంటే చల్లగా..."

లైను తెగిపోయింది.

"ఎవరమ్మా?"

"రాంగ్ నంబరు."

పుష్ప మళ్ళీ ఫోను పక్కకు జరిగి కూర్చునింది. నేను తలుపు గడియ పెట్టినా. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నా. అక్క వచ్చింది. పుష్ప వచ్చింది. నేను వచ్చినా. నాలుగో మనిషి కదిరిలో.

బయలుదేరింది నలుగురం. నలుగురూ ఇల్లు చేరినారు.