మట్టి మిద్దె మీద బిందెడు నీళ్ళు

ఆ ఏడు ఎండలు ఎట్లా కాశాయంటే, గోపాల్‌పేట కాకులు అరవాలన్నా ముందు బావిగట్టుకు పోయి, గొంతు తడుపుకొని వచ్చి మరీ అరిచేవి. నమ్మని వాళ్ళు నమ్మకండి. సాక్ష్యానికి పిలుద్దామంటే ఆ కాకులు ఇప్పుడు లేవు.

అంత ఎండలో గోవిందు గద్వాలలో రైలెక్కి, వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి, ఎడ్లబండి మీద అక్క ఇంటికి చేరాడు. పరీక్ష రాశాడు, ఫలితం ఇంకా రాలేదు. అక్క అలివేలమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, జొన్న అంబలి ముంత, నంజుకోను ఒక ఉల్లిగడ్డ చేతిలో పెట్టింది.

"గద్వాలల ఎండలు ఎట్లున్నయి రా?"

"ఏం చెప్పాలె అక్కా. మా కోళ్ళు ఉడికిన గుడ్లే పెడుతున్నయి. అమ్మ పొయ్యి ముట్టిస్తలేదు."

గోడవతల ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే ఒక ప్రశ్న గోడ దాటి వచ్చింది. "మరి కోడిపిల్లలు ఎట్లయితయి?"

గోవిందు కోతలకు నవ్విన వాళ్ళున్నారు, తిట్టిన వాళ్ళున్నారు. తిరిగి ప్రశ్న వేసిన వాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు. ముంత దించి గోడవైపు చూశాడు.

"పొద్దుగాల పెట్టినయి పొదిగేటివి," అన్నాడు గోడతోనే. "మధ్యాన్నం పెట్టినయి తినేటివి."

"గట్లనా," అంది గోడ.

ఆ గోడ పేరు జమ్ములమ్మ. అలివేలమ్మకు చిన్నమామ, అంటే మామ తమ్ముడు అయిన కురుమూర్తి కూతురు. తల్లి భీమమ్మ గద్వాల జమ్ములమ్మ దేవతకు మొక్కుకుంటే పుట్టింది. పేరు అక్కడిదే గానీ పిల్ల గద్వాల ముఖమే ఎరగదు. ఆమెకున్న జబ్బు ఒక్కటే, అడగడం. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? సొరకాయ బుర్రలో ఇంకా చల్లగా ఎందుకుంటాయి? కృష్ణ మీద రైలు పోతుంటే నీళ్ళలో దాని నీడ తడుస్తుందా? ఇంట్లో అందరి దగ్గరా ఒకటే జవాబు: "నాకేం తెల్వదు, పని చూడు."

గోవిందు దగ్గర అన్నిటికీ జవాబులే. తెల్వదు అన్న మాట ఒక్కటే లేదు. వరుసకు బావ కాబట్టి పలకరింపుకూ అడ్డు లేదు.

అన్నదమ్ములు కలిసి కట్టించిన ఇళ్ళు కనుక రెండింటి మీదా ఒకటే మట్టి మిద్దె. పొద్దువాలితే గాలి కోసం అందరూ దాని మీదికే ఎక్కేవారు. మరునాడు సాయంత్రం గోవిందు బిందెడు నీళ్ళు ఎత్తుకొని పైకెక్కాడు. అటువైపు జమ్ములమ్మ ఎండిన మిరపకాయలు ఎత్తుతోంది.

"ఏంది బావా, మిద్దెకు తానం పోస్తున్నవా?"

"సల్లుతున్న. మా గద్వాలల పొద్దూకంగనే మిద్దె మీద నీళ్ళు సల్లుతరు. ఆనక పండుకుంటె గొంగడి కప్పుకోవాలె. మొన్న మా నాయనకు సర్ది పట్టింది."

"మీది గచ్చు మిద్దె కావచ్చు. ఇది మట్టిది. ఎక్కువ పోస్తె కిందికి కురుస్తది."

"ఎంత పోస్తె కురుస్తది?"

జమ్ములమ్మ మిరపకాయల చేట పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. "ఎవరు పోసి సూసిన్రు," అంది తనతో తానే.

గోవిందు పలచగా చల్లాడు. నీళ్ళు అక్క ఇంటి తూము వైపు జారిపోయాయి. మిద్దె వాలు అటే. ఆ రోజు నుంచి సాయంత్రం చల్లడం అతని పని అయింది, అడగడం ఆమె పని అయింది.

ఒకరోజు అంబలి పోస్తూ అలివేలమ్మ చెప్పింది. "ఎల్లుండి తెలకపల్లి నుంచి నాగన్న వస్తుండు, జమ్ములును తన కొడుకుకు అడగనీకి. ఆ పిలగాడు మస్తు బుద్ధిమంతుడంట. నోరు తెరిచి మాట్లాడడంట."

అంబలి ఎప్పుడూ పుల్లగానే ఉంటుంది. ఆ పూట మరీ పుల్లగా ఉంది.

నాగన్న రావలసిన రోజు పొద్దున గోడ దాటి ప్రశ్న వచ్చింది, మెల్లగా. "బావా, ఏం అడిగినా జవాబు చెప్పని మనిషితోని ఎట్ల బతుకుతరు?"

గోవిందు చేతిలో ముంత కింద పెట్టాడు.

"తెల్వదు," అన్నాడు.

గోడవతల బిందె ఎత్తిన చప్పుడైంది.

సాయంత్రం నాగన్న వచ్చాడు. గంజి పెట్టిన తెల్ల రుమాలు తలకు చుట్టి, కురుమూర్తి ఇంట్లో చాప మీద కూర్చున్నాడు. భీమమ్మ వట్టివేళ్ళ విసనకర్ర ఇచ్చింది, బెల్లం పానకం ఇచ్చింది. లోపల జమ్ములమ్మకు జడ వేస్తున్నారు. ఇవన్నీ చూడటం ఇష్టం లేక గోవిందు బిందె ఎత్తుకొని మిద్దెక్కాడు. ఎప్పటిలాగే అక్క వైపు చల్లాడు.

కింద పెద్ద కేక వినిపించింది.

మొదటి బురద చుక్క నాగన్న రుమాలు మీద పడిందట. రెండోది చెవిలో పడింది. మూడోది పానకంలోకి దిగింది. చాప జరిపితే కారడమూ అటే జరిగిందని చెప్పుకుంటారు.

"ఎండకాలంలనే గిట్ల కురిస్తె, వానకాలంల ఇంట్ల పుట్టి పడవ ఏసుకొని తిరగాలె," అన్నాడు నాగన్న లేచి. "ఈ సంబంధం మాకు అచ్చిరాదు."

కురుమూర్తి నిచ్చెన ఎక్కి వచ్చేసరికి గోవిందు చేతిలో ఖాళీ బిందె ఉంది. ఇంకేం కావాలి?

"ఓ గద్వాల పిలగా, నా బిడ్డ సంబంధం ముంచినవు గద. పొద్దుగాల చౌడుమట్టి తోలుకొచ్చి మిద్దె మెత్తు. ఆనక నీ రైలు నువ్వెక్కు. మళ్ళ ఈ గడప తొక్కకు."

అలివేలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తవారి ముందు ఆమె తల ఎత్తుకునేది ఎట్లా?

పొద్దున్నే బండెడు చౌడు తెచ్చి గోవిందు మిద్దెక్కాడు. చూస్తే తాను చల్లిన వైపు ఎప్పుడో ఆరిపోయింది. కురుమూర్తి వైపు మాత్రం, సరిగ్గా చాప వేసిన చోటికి పైన, మట్టి ఇంకా మెత్తగా, కాలు దిగబడేటట్టు ఉంది. మట్టి మిద్దె తాగిన నీళ్ళను వెంటనే కక్కదు, దాచుకొని దాచుకొని వదులుతుంది. పక్కన బిందె అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. దాని చుట్టూ నాలుగు ఎండుమిరప గింజలు.

గోవిందు ఆ అచ్చును చూశాడు. తర్వాత దాని మీద గంపెడు చౌడు పోసి మెత్తాడు.

నిచ్చెన మీద నిలబడి గంపలు అందిస్తున్న జమ్ములమ్మ అదంతా చూసింది.

"జమ్ములూ, నీళ్ళు ఎత్తుకు పారుతయా?"

"మీ గద్వాలల పారవా?"

"పారుతయి. మా కాడ ఎత్తుకే పారుతయి."

ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె ముందుగా నవ్వు ఆపింది. "మా నాయనకు చెప్పకపోతివి. తిట్లు ఎందుకు పడ్డవు?"

"తెల్వదు."

"ఆ మాట రెండోసారి అన్నవు," అంది ఆమె. "రెండుసార్లూ అబద్ధమే."

మిద్దె మెత్తడం అయ్యాక కురుమూర్తి చూడటానికి వచ్చాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. తూము దగ్గర కూర్చుని వాలు వెంట చాలాసేపు చూపు సాగించాడు.

"ఈ వాలు నా చేతులతోని పెట్టిన," అన్నాడు. "మీ అక్క దిక్కు పోసిన నీళ్ళు మా దిక్కు ఎట్లొచ్చినయి పిలగా?"

గోవిందు గంప దులిపాడు. "ఎక్కువ పోసిన మామా. తప్పు నాదే."

కురుమూర్తి కూతురి వైపు చూశాడు. పుట్టిన నాటి నుంచి నోరు మూయని పిల్ల నిచ్చెన మెట్లను ఎంచుతున్నట్టు తల దించుకొని ఉంది. ఆయన మీసం కదిలింది. కిందికి దిగి అలివేలమ్మతో అన్నాడు. "మీ నాయనను రమ్మను. మీ తమ్ముడు మిద్దె మెత్తిండు. కురుస్తదో లేదో మీవోళ్ళే కింద కూసుని సూడాలె."

గద్వాల వాళ్ళు వచ్చిన రోజు చాప సరిగ్గా అక్కడే వేశారు. గోవిందు కూర్చున్నాడే గానీ కళ్ళు దూలాల మీదే ఉన్నాయి. మధ్యాహ్నం జమ్ములమ్మ నిండు బిందెతో మిద్దె ఎక్కడం తన కళ్ళతో చూశాడు మరి. పెళ్ళి మాటలు సాగాయి, పానకం వచ్చింది, తాంబూలం వచ్చింది. పెద్దవాళ్ళు నవ్వుకుంటూ లేచారు. పైనుంచి ఒక్క చుక్క రాలలేదు.

సందు దొరకగానే గోవిందు గోడ దగ్గరికి పోయాడు. "బిందె ఎత్తుకపోతివి గద. నీళ్ళేం చేసినవు?"

"మీ అక్క దిక్కు సల్లిన."

"ఎందుకు?"

"గద్వాల పోయినంక గొంగడి కావాలెనో వద్దో," అంది గోడ, "ఇప్పటి సంది తెలుసుకోవద్దా?"