కెమెరా కంటికి పట్టీ

పళ్ళ సెట్లు చేసే ఆవిడ ఇంట్లో ముందుగది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. బల్ల మీద వరసగా పై పళ్ళు, కింద పళ్ళు, దవడల అచ్చులు, మైనం ముద్దలు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఓ క్షణం ఆగిపోతారు. ఆవిడకి మాత్రం అవి కూరగాయలతో సమానం.

గులాబీ పొడిలో ద్రావకం పోసి చిగుళ్ళ ముద్ద కలిపితే ముక్కుపుటాలు అదిరిపోయే వాసన. అందుకే ఏడాది నిండిన కూతురు బుజ్జిదాన్ని వెనకగదిలో, తలుపేసి పడుకోబెట్టేది. ఆ గదిలో గూట్లో ఓ చిన్న కెమెరా. అక్కడి బొమ్మా, శబ్దమూ ఆవిడ ఫోనులోకి వస్తాయి. భర్త లారీ తోలుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి, ఇంట్లో ఆవిడకి తోడు ఆ ఫోనే.

అలాంటి కెమెరాలు ఆ మేడలో ఇంటింటికీ ఉన్నాయి, అన్నిటికీ ఒకటే యాప్. ఓ పొద్దున్న గుప్పుమంది కబురు. ఆ యాప్‌లో పెద్ద లోపం ఉందట. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన ఇళ్ళలోకి తొంగిచూడొచ్చట, కెమెరాలోంచి మాట్లాడొచ్చట కూడా. వెంటనే అప్‌డేట్ చేసుకోండి మొర్రో అని కంపెనీ మొత్తుకుంది. మేడవాళ్ళ గ్రూపు చూడాలి ఆ రోజు. పై అంతస్తు పెద్దాయన, మా ఇంట్లో నేను గిన్నెలు తోమడం తప్ప చూడ్డానికేముంది, చూసుకోనివ్వండి పాపం అని రాశాడు. ఒకావిడ కెమెరాకి పాత మేజోడు తొడిగింది. ఇంకొకాయన యాప్ తీసిపారేసి, సాయంత్రానికి మనసాగక మళ్ళీ పెట్టుకున్నాడు. అప్‌డేట్ చేసిన మహానుభావుడు మాత్రం ఒక్కడూ లేడు.

మన ఆవిడ చేద్దామనే చూసింది. ఫోనులో చోటు లేదు. నిండా నోళ్ళ ఫోటోలే. ఏ సెట్టు ఎవరి దవడకో వాటితోనే సరిచూసుకోవాలి, తీసేస్తే ఎలా? "తర్వాత" అన్నచోట నొక్కి ఊరుకుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే మరిది వచ్చి, గాయాలకి వేసే పట్టీ ఒకటి కెమెరా కంటికి అంటించాడు.

"దొంగ వెధవకి కళ్ళు పోయాయి వదినా. మనకి పిల్ల ఏడుపు వినిపిస్తే చాలదూ?"

చాలుననే అనుకుంది ఆవిడ.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. వీధి చివర దుకాణంలో బ్రెడ్డు తెస్తానని మరిది గొడుగేసుకుని వెళ్ళాడు. ఫోను అచ్చులకి ఆనించి ఉంది. నల్లటి తెర. అందులోంచి పిల్ల ఊపిరి, వెనకాల వాన చప్పుడు. ఆవిడ చేతుల్లో చిగుళ్ళ ముద్ద. గట్టిపడేలోగా అచ్చులోకి నొక్కకపోతే పడ్డ శ్రమంతా మట్టిపాలే.

సరిగ్గా అప్పుడే బుజ్జిది కుయ్‌మంది. తర్వాత రాగం అందుకుంది. ఆవిడ వేళ్ళు తొందరపడ్డాయి. ఇదిగో అయిపోయింది, ఇదిగో వచ్చేస్తున్నా, అని గొణుక్కుంటూనే ఉంది.

ష్... ష్... అని ఫోనులోంచి వినిపించింది.

ఏడుపు ఆగింది.

తను తల వంచుకుని పనిలో ఉండగా మరిది వచ్చి ఎత్తుకున్నాడు కాబోలు, బంగారం, అనుకుంది. స్థిమితపడింది. ముద్ద నొక్కడం మొదలుపెట్టింది.

అంతలో వీధితలుపు తెరుచుకుంది. తడిసిన గొడుగుతో మరిది లోపలికొచ్చాడు.

ఆవిడ చూపు మెల్లగా ఫోను మీదికి పోయింది.

"దుప్పటి తన్నేసుకుంది." ఆడగొంతు. పక్కన కూర్చుని చెప్పినంత మెల్లగా. "చలేస్తుంది..."

ఆవిడ ఎలా పరిగెత్తిందో ఆవిడకే తెలీదు. వెనకే మరిది. తలుపు వేసింది వేసినట్టే ఉంది. తోసింది. చిన్న మంచంలో బుజ్జిది పక్కకి తిరిగి నిద్రపోతోంది. దుప్పటి మెడదాకా కప్పి ఉంది. కెమెరా కంటి మీద పట్టీ చెక్కుచెదరలేదు.

ఎవరో లోపంలోంచి దూరి ఉంటారని, దుప్పటి మాట ఊహించి అన్నారని మరిది గడగడా చెప్పుకుపోయాడు. కెమెరా తీగ పీకేశాడు. ఆవిడ పిల్లని భుజాన వేసుకుని ముందుగదిలోకొచ్చి కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఫోనులో నోళ్ళన్నీ చెరిపేసింది. అప్‌డేట్ నొక్కింది. పనయ్యాక యాప్ తనంతట తానే పాత రాకపోకలన్నీ వెతికి, పచ్చటి అక్షరాలతో రెండు ముక్కలు చూపించింది.

బయటివారెవరూ మీ కెమెరాలోకి రాలేదు. మీ కెమెరాలో వినే మైకే ఉంది, మాట్లాడే స్పీకరు లేదు.

"అంటే వదినా..." అన్నాడు మరిది.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పిల్ల ముందు అనొద్దన్నట్టు. ఆ గొంతు కెమెరాలోంచి గదిలోకి వచ్చింది కాదు. గదిలోదే కెమెరాలోకి వచ్చింది.

పై అంతస్తు పెద్దాయన ఇంటికి పోదామంది. మెట్ల మీద జల్లు కొడుతోంది, పిల్లకి ఏదైనా కప్పాలి. గదిలో దీపం వెలుగుతూనే ఉందిగా, దుప్పటి తెస్తానని మరిది వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. ఆవిడ గుమ్మందాకా వెళ్ళి చూసింది.

దుప్పటి ఓ కొస అతని చేతిలో ఉంది. రెండో కొస పరుపుకీ గోడకీ మధ్యనున్న సన్నటి సందులోకి పోయి ఉంది. వేలు కూడా పట్టని సందు.

"రావట్లేదు వదినా," అన్నాడు గుసగుసగా.

లాగాడు. అటువైపు నుంచి కూడా లాగారు... మెల్లగా, ముడతలు పోయేలా. పిల్ల ఇంకా పక్క మీదే ఉందనుకుని సర్దుతున్నట్టు.