ఇంపాలా తలుపు పట్టీ

మూసాపేటలో టైర్ల దుకాణం మీది గదిలో లింగమూర్తి డిటెక్టివ్ ఏజెన్సీ ఉండేది. ఆ శనివారం ఉదయం మెట్లెక్కి వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. ఎంత కడిగినా పోని పాలిష్ నలుపు వేళ్ల సందుల్లో ఉంది.

"సార్, నేను దొంగను గాను. గా మాట మీరే తేల్చాలె" అన్నాడు.

లింగమూర్తి అసిస్టెంటు సెలీనా కుర్చీ జరిపి మంచినీళ్లిచ్చింది. అతను నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేశాడు.

పేరు పెంటయ్య. పాత కార్ల అంచులు, పట్టీలు బాగుచేసి బిగించడం అతని పని. కొండాపూర్‌లో పుణ్యవతి అనే పెద్దావిడ ఇంటి షెడ్డులో అరవై రెండో సంవత్సరపు ఇంపాలా కారు ఒకటి ఉంది. ఆమె భర్త పోయాక అది అక్కడే తుప్పు పట్టింది. ఈమధ్య ఉదయ్ భాస్కర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని దాన్ని కొన్నాడు. బాగుచేయడం పూర్తయ్యేదాకా కారు ఆ షెడ్డులోనే ఉండేలా ఒప్పందం. రంగు, ఇంజను పనులు ఎప్పుడో అయిపోయాయి. పట్టీలే మిగిలాయి.

"పక్కలకు గీ కొస నుంచి గా కొస దాక స్టీలు పట్టీలుంటయ్ సార్. సొట్టలు దీసి, రుద్ది, అద్దం లెక్క చేసి బిగిస్త. అమెరికా బండి గద, స్టీరింగు ఎడమ దిక్కుంటది. గా డ్రైవర్ దిక్కు తలుపు పట్టీ పోయింది. బజార్ల దొరకది, రేకు కోసి చేత్తోని చేసిన. అదీ పోయింది. మళ్ల చేసిన. మొన్న అదీ పోయింది. ఇగ పని అయిపోయినట్టే అనుకున్నప్పుడల్ల పోతుంది."

"అనుమానం మీ మీదా?"

"నిన్న ఉదయ్ సార్ వచ్చి, కూలోళ్లందరి ముందట నన్నే దొంగన్నడు. సోమవారం పోలీసుల్ని పిలుస్తడట. మా బిడ్డ గక్కడి స్కూల్ల టీచరు సార్. రేపు దాని మొకం ఎట్ల జూడాలె?"

లింగమూర్తి స్కూటర్ తాళం తీసుకున్నాడు.

కొండాపూర్‌లో ఆ వీధి సగం వీధిగానే లేదు. చుట్టుపక్కల పాత ఇళ్లవాళ్లు స్థలాలు అమ్ముకుని వెళ్లిపోయారు. బండలు పేల్చి, ఆ గోతుల్లో అపార్టుమెంట్ల స్తంభాలు లేపుతున్నారు. పేలుడు వినబడినప్పుడల్లా పుణ్యవతి ఇంటి కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. ప్రహరీ నడుమెత్తు కూడా లేదు. షెడ్డుకు తలుపే లేదు.

ఇంపాలా లేత నీలం రంగులో మెరుస్తోంది. దాని వెండి గీత ముందు చక్రం పైనుంచి బయల్దేరి, డ్రైవర్ తలుపు దగ్గర తెగి, మళ్లీ వెనక మొదలైంది. పట్టీ లేని చోట చిన్న రంధ్రాల వరుస ఉంది. సెలీనా వంగి చూసింది. రంగు మీద ఒక్క గీత లేదు. రంధ్రాలన్నిటినీ తెల్లటి మైనంతో జాగ్రత్తగా పూడ్చారు.

"ఇది మీరు పెట్టిందేనా?" అని అడిగాడు లింగమూర్తి.

"నేను గ్రీజు పెడ్త సార్. అందుల నీళ్లు దిగితే తలుపు లోపలికెళ్లి తుప్పు పడ్తది. మైనం ఎవరు పెట్టిన్రో నాకు దెల్వది."

షెడ్డు మూల ఒక చెక్కపెట్టె ఉంది. కుడిపక్క బిగించాల్సిన పట్టీలు అందులో తళతళలాడుతున్నాయి. ఒక్కటీ తగ్గలేదని పెంటయ్య చెప్పాడు.

అంతలో పక్కింటి రామ్మోహనరావు గోడ దగ్గరికి వచ్చాడు. ఆయన రిటైరైన ఉద్యోగి. వీధిలో మిగిలిన రెండో పాత ఇల్లు ఆయనదే.

"నన్ను కూడా అనుమానిస్తున్నారా ఏమిటండీ? పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకా సుత్తి దెబ్బలు. ఈ పని ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నవాణ్ణి. ఆ పట్టీ నేనే తీస్తే ఈ మోత ఇంకో నెల భరించాలి కదండీ!"

పుణ్యవతి వాళ్లను లోపలికి పిలిచి టీ ఇచ్చింది. కాకినాడ వైపు మాట. కారు గురించి అడిగితే మొగుడి గురించి చెప్పింది, దొంగ గురించి అడిగితే పెంటయ్య పని గురించి చెప్పింది.

"సాయంత్రం టీ తాగుతూ ఏ రోజు పని ఆ రోజు నాకు చెబుతాడండి. మూడు నెలలుగా వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. రంగు మీద గీత పడకుండా చెక్కబద్దకి గుడ్డ చుట్టి పట్టీ లేపుతాడు. ఎంత ఓపికనుకున్నారు!"

సెలీనా కింద కూర్చుందామని గోడ మూల నిలబెట్టిన తుంగచాప అందుకోబోయింది. పుణ్యవతి గబుక్కున లేచింది.

"వద్దమ్మా, అది దుమ్ము. కుర్చీలో కూర్చో."

వాళ్లు లేవబోతే, "అప్పుడేనా? ఇంకాసేపు ఉండండి" అంది. రెండోసారి కూడా అంది.

అక్కణ్ణుంచి ఉదయ్ భాస్కర్ ఆఫీసుకు వెళ్లారు. అతను కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే మాట్లాడాడు.

"సింపుల్ లాజిక్ అండీ. పెయింట్ మీద స్క్రాచ్ లేదు. ఎక్స్‌పర్ట్ తప్ప ఎవరు తీయగలరు? నెక్స్ట్ మంత్ మా కొత్త ఆఫీస్ ఓపెనింగ్. గెస్టుల ముందు ఆ కారు నిలబడాలి."

"పెంటయ్యకు రోజుకూలీనా?"

"నో నో. మొత్తం పనికి ఒకే కాంట్రాక్ట్."

"రేపు మధ్యాహ్నం పుణ్యవతిగారింటికి రండి. దొంగ దొరికినట్టే" అన్నాడు లింగమూర్తి.

మెట్లు దిగుతూ సెలీనా ఆగలేకపోయింది. "నేనూ అన్నీ చూశాను సార్. నాకేం దొరకలేదు!"

"దొంగ కోసం చూశావు" అని మాత్రం అన్నాడు లింగమూర్తి.

ఆదివారం మధ్యాహ్నం అందరూ పుణ్యవతి ముందుగదిలో చేరారు. గుమ్మం బయటే నిలబడిన పెంటయ్యను లింగమూర్తి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రంగుకు దెబ్బ తగల్లేదు కాబట్టి పనివాడే తీశాడన్నారు ఉదయ్ గారు. కానీ చెక్కబద్దకి గుడ్డ చుట్టి లేపడం మూడు నెలలు చూసినవాళ్లకీ వస్తుంది. దొంగ పెట్టెలోని పట్టీలను ముట్టుకోలేదు. బిగించిన తలుపు పట్టీనే తీశాడు. పైగా నీళ్లు దిగకుండా కొవ్వొత్తి కరిగించి ఒక్కో రంధ్రం పూడ్చాడు. కారు మీద అంత ప్రేమ ఉన్న దొంగను నేనింతవరకు చూడలేదు."

ఉదయ్ భాస్కర్ వాచీ చూసుకోవడం మానేశాడు.

"అంటే పట్టీ కావలసి కాదు, పని ఆగాలని తీశారు. ఆగితే ఎవరికి మేలు? గుత్తకు ఒప్పుకున్న పెంటయ్యకు నష్టం. ఓపెనింగ్ ఉన్న మీకు నష్టం. రామ్మోహనరావుగారికి తలనొప్పి. పెంటయ్యా, పని అయిపోవచ్చిందని ప్రతిసారీ ముందురోజు ఎవరికి చెప్పారు?"

పెంటయ్య నోరు తెరిచి, ఏదో తట్టినట్టు ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి చూశాడు.

పుణ్యవతి అప్పటికే లేచింది. మూలనున్న చాప తెచ్చి గది మధ్యలో విప్పింది. పాత చీర ముక్కల్లో చుట్టిన మూడు పట్టీలు బయటపడ్డాయి.

"మొదటిసారి తీసినప్పుడు, ఇంకో వారమైనా వస్తాడు కదా అనుకున్నానండి" అంది. "మావారు పోయాక 'అమ్మా, నీళ్లియ్యి' అని ఈ ఇంట్లో కేకేసింది ఈయనొక్కడే. ఆ సుత్తి చప్పుడు వినబడుతుంటే వంటింట్లో పని చేసుకోబుద్ధేసేది. అది ఆగిపోతే ఇంక బండలు పేలే చప్పుడే కదండి."

"మరి ఆయన్ని దొంగ అన్నప్పుడు?" సెలీనా అడిగింది.

"చెబుదామనే వచ్చాను. మాట రాలేదమ్మా. చెబితే మళ్లీ గడప తొక్కడు కదా."

పెంటయ్య వంగి ఒక పట్టీ మీద చెయ్యి వేశాడు.

"నన్ను దొంగ అంటుంటే నువ్వు గా కిటికీల నిలబడ్డవమ్మా. నేను చూసిన. వాళ్లు పోయినంక ఛాయ్ తెచ్చిచ్చినవు. నేను తాగిన."

ఉదయ్ భాస్కర్ దగ్గి, "ఐయామ్ సారీ పెంటయ్యా" అన్నాడు.

"గా మాట బయట నిలబడి గట్టిగ అనుండ్రి సార్. మొన్న గట్టిగనే అన్నరు గద."

ఉదయ్ భాస్కర్ ముఖం ఎర్రబడింది. అయినా వెళ్లాడు. ప్రహరీ అవతల స్తంభాల దగ్గర పనిచేస్తున్న కూలీలు తలెత్తి చూస్తుండగా, తప్పు తనదని, పెంటయ్య నిజాయితీపరుడని పైకి చెప్పాడు.

పెంటయ్య అప్పుడే పని మొదలుపెట్టాడు. మూడు పట్టీల్లో కారుతో వచ్చిన పాతదాన్నే ఎంచుకున్నాడు. మైనం గీకి, క్లిప్పులు దిగ్గొట్టి, పట్టీ ఎత్తాడు. ఒక కొస ఆనిస్తే రెండో కొస జారుతోంది. సెలీనా ముందుకు కదలబోతే లింగమూర్తి చేత్తో ఆపాడు.

వరండాలో నిలబడ్డ పుణ్యవతి వైపు చూడకుండానే పెంటయ్య అన్నాడు. "గా కొస జర పట్టుకో అమ్మా."

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి పట్టుకుంది. అతను అరచేత్తో ఒక్కో క్లిప్పు మీద నొక్కుకుంటూ ఆమె చేతి దాకా వచ్చాడు. వెండి గీత కలిసింది.

"మీకెలా తట్టింది సార్?" అని సెలీనా గుసగుసగా అడిగింది.

"ఇంకాసేపు ఉండమని రెండుసార్లు అంది కదా" అన్నాడు లింగమూర్తి. "నేను ఆదివారాలు కూడా ఆఫీసు తెరుచుకుని కూర్చుంటాను. ఎవరివో ఒకరివి మెట్ల మీద అడుగులు వినబడతాయని."

కుడిపక్క పట్టీలు కూడా బిగించేసరికి ఎండ వాలింది. ఉదయ్ భాస్కర్ డ్రైవరు ఇంపాలాను మెల్లగా బయటికి తీశాడు. గుంతల రోడ్డు మీద అది ఊగుకుంటూ హైటెక్ సిటీ వైపు వెళ్లి మలుపులో కనుమరుగైంది. షెడ్డులో నేల మీద నూనె మరకలు మిగిలాయి.

పెంటయ్య పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. పుణ్యవతి గేటు దగ్గర నిలబడింది. అతను ఆమెను దాటి రెండడుగులు వేసి ఆగాడు.

"వస్తనమ్మా" అన్నాడు.

పోయేవాళ్లంతా అనే మాటే అది. అతను ఊరికే అన్నాడో, నిజంగానే అన్నాడో సెలీనాకు తెలియలేదు. పుణ్యవతి మాత్రం, "రా నాయనా" అంది. అతను రోడ్డెక్కి కనబడకుండా పోయాక కూడా ఆమె గేటు వెయ్యలేదు.