పన్నెండు కీల మీద జిడ్డు

బుధవారం మధ్యాహ్నం 2:40కి పియానో ప్రాణం విడిచింది.

మూడింటికి ఫైనల్ పోటీ. ప్రాక్టీసు చేసుకుంటున్న అమ్మాయి వేళ్ళ కింద పన్నెండు కీలు దిగినవి దిగినట్టే ఉండిపోయాయి. మ్యూజిక్ స్కూలు హాల్లో మూడు వందల మంది. ప్రిన్సిపల్ మైకు అందుకున్నారు. పొద్దున శ్రుతి చేసిన ట్యూనరే కావాలని చెడగొట్టాడని, అతన్ని ఈ క్షణమే ఉద్యోగంలోంచి తీసేశామని ప్రకటించారు. ఇరవై ఆరేళ్ళ మంచిపేరు ఒక్క నిమిషంలో గాలికి పోయింది.

ఫిర్యాదు అందుకుని 3:25కి పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. స్టేషన్లో ఆమెకి ‘సూది’ అని చాటుపేరు. అద్దంలో తనని కూడా ఓ కంట కనిపెట్టే రకం.

ట్యూనర్‌నీ, ప్రిన్సిపల్‌నీ, పియానో టీచరమ్మనీ స్టేజీ వెనక గదిలో కూర్చోబెట్టింది. కీల వెనక ఉండే చెక్క యంత్రాన్ని ట్యూనర్ చేతే బయటికి లాగించింది. తీగల్ని కొట్టే చిన్న సుత్తులు తిరిగే ఇరుసులు జిడ్డుగా ఉన్నాయి. నూనె.

"మీ పనే కదా?"

"నేను నూనె ముట్టను మేడం. పొడి గ్రాఫైటే వాడతా. అదీ అగ్గిపుల్ల కొనకి అంటేంత."

ఆయన సంచీ వెతికింది. గ్రాఫైట్ డబ్బా, బ్రష్షు, గుడ్డపేలికలు. నూనె సీసా లేదు. దారిలో పారేసి ఉండొచ్చు. ఆమె అనుమానం పోలేదు.

పొద్దున 9:30కే కీలు బరువుగా ఉన్నాయని, విప్పి చూడాలని తను చెప్పినా, టైం లేదు, శ్రుతి చేసి వెళ్ళమని ప్రిన్సిపల్ అన్నారని ట్యూనర్ అన్నారు. అదంతా కట్టుకథ అని ప్రిన్సిపల్ కొట్టిపారేశారు. పోయిన శనివారం ఇవే కీలు కీచుమన్నాయని, భార్య ఆపరేషన్ వల్ల ట్యూనర్ మంగళవారం దాకా సెలవులో ఉన్నారని టీచరమ్మ చెప్పింది. ఆదివారం హాలుకి తాళం, సోమవారం రిహార్సల్. ఆ తాళంచెవి తన జేబు దాటదని ప్రిన్సిపల్ గర్వంగా చెప్పుకున్నారు.

"సోమవారం రిహార్సల్లో ఎలా పలికింది?"

"వెన్నలా కదిలింది. ఇవాళ ఈయన చెయ్యి పడ్డాకే ఈ గతి," అన్నారు ప్రిన్సిపల్, ఎవరూ నోరు తెరవకముందే.

ఇన్‌స్పెక్టర్ దూదితో ఒక ఇరుసు తుడిచింది. దూదికి నూనెలో నానిన దుమ్ము ముద్దగా అంటింది.

"ఇవాళ పోసిన నూనెకి ఇంత దుమ్ము పట్టదు. ట్యూనర్ గారూ, నూనె పోస్తే ఏమవుతుంది?"

"మొదట రెండు మూడ్రోజులు హాయిగా కదుల్తుంది మేడం. తర్వాత ఇరుసు చుట్టూ ఉన్న ఫెల్టు, అంటే ఉన్ని గుడ్డ, నూనె పీల్చుకుని ఉబ్బుతుంది. బిగిసిపోతుంది."

ఆమె ప్రిన్సిపల్ వైపు తిరిగింది.

"శనివారం కీచుమంది. సోమవారానికి వెన్నయింది. బాగుచేసే మనిషి ఆస్పత్రిలో. తాళంచెవి మీ జేబులో."

ప్రిన్సిపల్ చెయ్యి జేబు మీదికి పోయింది. "ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంటే... ఆదివారం కీచుమన్న చోటల్లా తలో చుక్క వేశాను. ఇలా అవుతుందని తెలీదు."

"అది తెలీక చేశారు. మైకులో ఈయన మీదికి నెట్టింది కూడా తెలీకేనా?"

ఆయన కుర్చీలోంచి లేచారు. ట్యూనర్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, క్షమించమన్నారు. రేపట్నుంచి మామూలుగా పనికి రమ్మన్నారు.

ట్యూనర్ హాలు వైపు చెయ్యి చూపించారు. "నన్ను తీసేసింది మూడు వందల మంది ముందు సార్. ఈ మాట కూడా అక్కడే చెప్పండి."

హాల్లో జనం ఇంకా కదల్లేదు. మైకు దాకా ఇరవై అడుగులు కూడా లేవు. అయినా అక్కడికి చేరడానికి ప్రిన్సిపల్‌కి చాలాసేపు పట్టింది.