పోయినావిడ నడక

గోరింక. ముప్పై ఒకటి. ఎవరిని చూసినా ముందు కాళ్ళు చూస్తుంది, ముఖం తర్వాత.

అది మర్యాద తెలియకపోవడం కాదు, పని అలాంటిది. ఆమె యానిమేటర్. కంప్యూటర్‌లో బొమ్మల్ని నడిపిస్తుంది, కూర్చోబెడుతుంది, ఏడిపిస్తుంది. గోరింక అన్నది అక్క పెట్టిన పేరు. చిన్నప్పుడు గెంతుతూ నడిచేదట. వీడియో గేముల్లో పని చేయాలని ఆమె కోరిక. చేతికొచ్చింది మాత్రం పళ్ళపొడి ప్రకటనలో కుందేలు. దాని చేత పళ్ళు తోమించీ తోమించీ ఆమెకే పళ్ళు పులిశాయి.

గేముల కంపెనీల చుట్టూ చాలానే తిరిగింది. ఒకచోట, "మీరు నిజంగా గేములు ఆడతారా?" అని అడిగారు. పక్కన కూర్చున్న మగపిల్లవాణ్ణి ఆ మాట అడిగిన పాపాన పోలేదు. ఇంకోచోట, "పని ఆలస్యమైతే ఇంట్లో ఏమీ అనరా?" అన్నారు, ఆమె ఇంట్లో కూర్చుని గడియారం చూసేవాడెవడో తమకు తెలిసినట్టు. మరోచోట పని నమూనా చేయించుకుని, బాగుందని చెప్పి, మళ్ళీ ఫోనెత్తలేదు.

ఉండేది అక్క ఇంట్లో. బావ మంచివాడే, నోరే ఊరుకోదు.

"ఏం మరదలా, ఆడుకోవడానికి జీతం కూడా ఇస్తారా? అయితే నేనూ వస్తా, పేకాట బాగా ఆడతాను."

"మీరు ఆడితే మనమే ఎదురు కట్టాలి," అంది అక్క. ఆ తర్వాత వంటింట్లో గొంతు తగ్గించి, "ఒసేయ్, ఈయన వాళ్ళమ్మ మన దగ్గరే ఉండిపోతానంటోంది. గది..." అని ఆగిపోయింది.

"నాకు తెలుసులే అక్కా."

అంటే ఈసారి ఉద్యోగం రాకపోతే నాన్న ఇంటికి వెళ్ళి, ఆయన కూర్చోమంటే కూర్చుని, లేవమంటే లేవాలి. బొమ్మల్ని ఆడించే మనిషే బొమ్మైపోవాలి.

అలాంటప్పుడు ఒక చిన్న స్టూడియో నుంచి పిలుపొచ్చింది.

"మా టీములో ఉన్న అమ్మాయి పోయింది," అన్నాడు ఆ టీముకు పెద్ద అయిన యానిమేషన్ లీడ్, బట్టతలా మెత్తటి గొంతూ ఉన్న మనిషి. "జ్వరమని సెలవు పెట్టింది. అంతే... తిరిగి రాలేదు. గేము సగంలో ఉంది. మీరు కొన్నాళ్ళు ఆ సీట్లో పని చేయండి. ఓనరు వచ్చి చూస్తాడు. నచ్చితే ఉద్యోగం మీదే."

గోరింకకు ఆ పోయినావిడ మీద జాలి కలిగింది. అది ఒక పూట నిలిచింది.

గేములో ఒక అమ్మాయి ఖాళీ ఇంట్లో ఒంటరిగా తిరుగుతుంటుంది. గేమంతా దాదాపు ఆమె నడకే. యానిమేటర్లు ఏ కదలిక వేయాలన్నా ముందు తామే అది చేసి, కెమెరాతో తీసుకుని, అది చూస్తూ బొమ్మకు పెడతారు. ఆ నడకను పోయినావిడ తన సొంత కాళ్ళ నుంచి తీసి పెట్టింది. గోరింక చేయాల్సింది మిగతావి: కూర్చోవడం, తిరగడం, తలుపు తీయడం.

"ఆ నడకకు అతికినట్టుండాలి," అన్నాడు లీడ్. "ఆవిడైతే చిటికెలో చేసేది."

ఇక అదే పాట. కుర్చీ ఎత్తు మార్చుకుంటే, "ఆవిడ కిందికి దించుకునేది." టీ వద్దంటే, "ఆవిడకు టీ ఉంటే చాలు." రెండో పెళ్ళాంగా కాపురానికొచ్చి, గోడమీది మొదటి భార్య ఫొటో కింద అన్నం తింటున్నట్టుంది గోరింకకు. పోయిన నెల ఒక మగ యానిమేటర్ మానేశాడట. అతని పేరు కూడా ఎవరూ ఎత్తరు. మగవాడు వెళ్ళిపోతే కుర్చీ ఖాళీ అవుతుంది. ఆడది పోతే గుడి కడతారు. తర్వాత వచ్చిన ఆడదాన్ని ఆ గుడి ఊడ్చమంటారు.

కోపం ఆ మగవాళ్ళ మీద రావాలి. రాలేదు. పోయినావిడ మీద వచ్చింది. మనకు అలాగే నేర్పారు మరి.

తప్పు పట్టుకుందామని ఆ నడకను తిప్పి తిప్పి చూసింది. నెమ్మదిగా చూసింది, వెనక నుంచి చూసింది. తప్పు దొరకలేదు. ఒకటి మాత్రం కనిపించింది. ఎడమ మడమ నేలకు ఆనే ముందు వెంట్రుకవాసి ఆగుతుంది. కింద నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు. ఆ ఒక్క ఆగడంతో బొమ్మలోకి ప్రాణం వచ్చేసింది. అలాంటిది తనకు ఈ జన్మలో తట్టదు. ఆ సంగతి తెలిసిన క్షణం గోరింకకు ఆ నడక అక్కడ ఉండకూడదనిపించింది.

మర్నాడు ఓనరు వస్తాడనగా, తన నడకనే కెమెరాతో తీసుకుని బొమ్మకు పెట్టింది. పాత నడకను తీసేసింది. ఈ పనిలో ఎవరూ పాతవాటిని పూర్తిగా తీసేయరు. ఎందుకైనా పనికొస్తాయని ఎక్కడో ఒక నకలు దాస్తారు. గోరింక ఆ నకళ్ళను వెతికి వెతికి తుడిచేసింది. పోయినావిడ నడుస్తున్న వీడియోలు కూడా. చివరి వీడియోలో ఆమె కెమెరా వైపు తిరిగి నవ్వబోతోంది. పూర్తిగా నవ్వనివ్వలేదు.

హాయిగా అనిపించింది.

భోజనాల వేళైంది. అందరూ బయటికెళ్ళారు. తలుపు తీసే కదలిక ఒకటి మిగిలిందని గోరింక, కదలికలు చేసి వీడియో తీసుకునే అభ్యాసం గదిలోకి వెళ్ళింది. బయట ఎండ మండిపోతోంది. ఆ గదికి మాత్రం కిటికీ లేదు. గోడలకు నల్లగుడ్డ, నేలంతా రబ్బరు పరుపు. తలుపు మూస్తే చెవులు మూసినట్టే. చెమట పట్టిన గుడ్డల వాసన, కాలిన దుమ్ము వాసన, వాటి కింద ఎక్కడో జ్వరం పట్టిన మనిషి పక్కలో ఉండే పుల్లటి వెచ్చటి వాసన.

కెమెరా పెట్టింది. గది ఆ చివర నుంచి నడవడం మొదలుపెట్టింది.

రబ్బరు మీద అడుగుల చప్పుడు మెత్తగా వినిపిస్తోంది. తప్... తప్... తప్...

తనవే. తనవేనా?

ఆగింది. చప్పుడూ ఆగింది. కానీ వెంట్రుకవాసి ఆలస్యంగా.

నల్లగుడ్డ వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

"ఎక్కడ... పెట్టావు?"

ఆడగొంతు. కోపం లేదు. వస్తువేదో కనపడక అడుగుతున్నట్టుంది.

"ఏ... ఏంటి?"

"నాది."

"తీసేశాను."

"అంతా?"

"అంతా."

గోరింక తలుపు వైపు చూసింది. అది దగ్గరే. పరుగెత్తాలనుకుంది. కాళ్ళు మాట వినలేదు.

ఈసారి గొంతు గుడ్డ వెనక నుంచి రాలేదు. చెవి పక్క నుంచి వచ్చింది.

"మరి నేనెక్కడ నడవను?"

గోరింక ఎడమ కాలు దానంతటదే లేచింది. ముందుకొచ్చింది. మడమ నేలకు ఆనబోయి... ఆగింది.

ఆనింది.

కెమెరా ఆపి వీడియో చూసుకునే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. అందులో గోరింక ఒక్కతే ఉంది. తలుపు వైపు నడుస్తోంది. మాటలు లేవు. ఇంకెవరూ లేరు. నడక మాత్రం ఆమెది కాదు.

సాయంత్రం ఇంటి మెట్లెక్కుతుంటే అక్క లోపలి నుంచి అరిచింది.

"ఎవరండీ?"

"నేనేనే."

అక్క తలుపు తీసి, తోబుట్టువును ఎగాదిగా చూసింది. "నీ అడుగుల చప్పుడు నాకు తెలీదా? ఎవరో అనుకున్నా. కాలికి ఏమైంది?"

"ఏం లేదు. బెణికింది."

"ఏదీ, నడు."

నడిచింది. గెంతుదామని చూసింది, చిన్నప్పటిలా. కాలు గాలిలో వేలాడి, నేలను తడుముకుని దిగింది.

బావ పేపర్లోంచి తలెత్తాడు. "ఏం మరదలా, ఉద్యోగం రాకముందే పెద్దమనిషి నడకా?"

అక్క నవ్వలేదు. "నవ్వులాట కాదు, నాకది చూస్తే బాగోలేదు," అంది.

మర్నాడు ఓనరు వచ్చాడు. పెద్ద తెర మీద గేము వేశారు. ఖాళీ ఇల్లు, మసక వెలుతురు, అందులో ఒక అమ్మాయి తేలిగ్గా, కొంచెం గెంతుతున్నట్టు నడుస్తోంది. గోరింక ఊపిరి బిగబట్టి చూసింది. అది తన నడక. నిన్నటిదాకా తన ఒంట్లో ఉన్న నడక. తెరలో ఉంది, చెయ్యి చాపితే గాజు తగులుతుంది. బొమ్మను చూసి ఒక మనిషికి కుళ్ళు పుడుతుందంటే ఎవరు నమ్ముతారు?

"ఈ నడక కొత్తగా ఉందే," అన్నాడు ఓనరు. "ఎవరిది?"

లీడ్ గోరింక వైపు తిరిగాడు. పాతది ఏమైందని అతను ఇంకా అడగలేదు.

"నాది," అంది గోరింక.

"ఇదే ఉంచండి. పాతది మరీ బరువుగా ఉండేది, ఎవరో చచ్చిపోతున్నట్టు. ఏమ్మా, ఉద్యోగం నీదే. లోపల సంతకం పెట్టి వెళ్ళు."

గెలిచింది. పోయినావిడ మీద నిజంగానే గెలిచింది. ఎన్నాళ్ళనుంచో వినాలనుకున్న మాట విని, లేచి, లోపలి గది వైపు నడిచింది.

ఎవరో టీ కప్పు కింద పెట్టి ఆమె కాళ్ళ వైపు చూశారు. వెనక నుంచి, ఆమె అడుగులు చూస్తూ, లీడ్ మెల్లగా ఒక పేరు పిలిచాడు. అది గోరింక పేరు కాదు. ఆ పేరు ఆమె అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ స్టూడియోలో అందరూ 'ఆవిడ' అనే అనేవారు.

అయినా వెనక్కి తిరిగింది.

"ఆఁ," అంది.

కొన్నేళ్ళకు ఆ స్టూడియోలో గోరింకే లీడ్ అయింది. టీములోకి ఇంకో యానిమేటర్ కావలసి వచ్చి, దరఖాస్తు పెట్టిన అమ్మాయిలందరినీ పిలిపించింది. ఒక్కొక్కరినీ గుమ్మం దాకా నడిచి చూపించమంది. బాగా నడిచినవాళ్ళను చూసి ఆమె ముఖం మాడిపోయేదట. అందరినీ తిప్పి పంపేసింది.

"ఇంతమందిలో ఒక్కరూ నచ్చలేదా?" అని ఓనరు అడిగాడు.

"ఉన్న కాళ్ళు మా ఇద్దరికే సరిపోవట్లేదు," అంది.

ఆ ఉద్యోగం ఒక మగవాడికి ఇచ్చింది.