పంటి కింద వడ్లగింజ

"ఇరవై ఒకటి," అన్నాడు జితేందర్, నోట్లో గింజ ఇంకా నలుగుతుండగానే.

మిర్యాలగూడలోని ఆ రైస్‌మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అనంతగిరి నుంచి వడ్లు తెచ్చిన మంగయ్య తల పట్టుకున్నాడు. తేమ ఇరవై ఒక్క శాతమంటే ధర తెగినట్టే. పక్కనున్న కూతురు అఖిల మాత్రం తల పట్టుకోలేదు, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటండీ, నోట్లో మిషనేమైనా పెట్టించుకున్నారా?"

"మా తాత పెట్టిండు మేడం. కరెంటు బిల్లు గూడ రాదు."

అఖిల ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ అప్పుడే పూర్తి చేసింది. బ్యాగులోంచి తేమ కొలిచే మీటరు తీసి, గుప్పెడు వడ్లు పోసి, మీట నొక్కింది. ఇరవై పాయింట్ తొమ్మిది.

"చూశారా, తప్పు చెప్పారు!"

"గా పాయింటు ఒకటి పంటి సందుల ఇరికింది మేడం."

వరుసలో ఉన్న రైతులంతా గొల్లుమన్నారు. ధర తెగుతున్న సంగతి మరిచి మంగయ్య కూడా నవ్వాడు.

జితేందర్ దామరచర్ల దగ్గరి తండా పిల్లవాడు, మిల్లుకొచ్చే వడ్ల తేమ పంటితో చెప్పడమే అతని కొలువు. తడిసిన గింజ కొరికి, ఆ వాన వాడపల్లి మీదుగా వచ్చిందో కోదాడ మీదుగా వచ్చిందో చెప్పేవాడు. ఒకసారి గింజ కొరికి, "ఈ వడ్లు కోసిన పొద్దు ఇంట్ల మొగుడు పెండ్లాలు కొట్లాడిన్రు" అన్నాడు. ఆ రైతు అక్కడికక్కడే భార్యకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాడు. నేను కళ్లారా చూశాను. చూడకపోయినా చెప్పేవాణ్ణే అనుకోండి.

మిల్లు సేటు ఆ రోజే అఖిలను ల్యాబులో పెట్టుకున్నాడు. "ఒకదిక్కు పళ్లు, ఒకదిక్కు మిషను. ఇగ నన్ను మోసం జేసేటోడు పుట్టలే" అని ఆయన ధీమా. ఆ రెండూ ఏకమైతే తన గతేమిటో పాపం ఆలోచించలేదు.

ప్రతి లారీకి పందెమే. పంటి లెక్క మీటరుతో కలిస్తే అతని గెలుపు, కలవకపోతే ఆమెది. ఓడినవాళ్లు టీ తేవాలి. అఖిల ఓడితే ఉత్త టీ వచ్చేది. జితేందర్ ఓడితే టీతోపాటు వేడి మిర్చి బజ్జీలు వచ్చేవి. అతను కావాలనే ఓడుతున్నాడని కనిపెట్టడానికి ఆమెకు నెల పట్టింది. కనిపెట్టాక కూడా ఊరుకుంది. బజ్జీలు బాగుండేవి మరి.

వానాకాలం వడ్లు దిగే రోజుల్లో అఖిలకు ఒక మెయిల్ వచ్చింది. టాంజానియాలో బియ్యం కంపెనీ, పెద్ద ల్యాబు, రెండేళ్ల ఉద్యోగం. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

"రమ్మంటున్నారు జితేందర్. ఏమంటావ్?"

"అనేదేముంది? పో."

"కాస్త ఆలోచించవా?"

"దీనికి ఆలోచనేంది? మంచి కొలువు. గాడ సింహాలుంటయట, జర చూసి నడువు."

"అంతేనా?"

"పాస్‌పోర్టు మర్చిపోకు."

అఖిల మీటరు డబ్బా మూత టప్పున మూసింది. లోడు దించిన లారీని గేటు బయటికి పంపినట్టు పంపుతున్నాడే అనుకుంది. ఆ రాత్రి హాస్టల్ నుంచి తండ్రికి ఫోన్ చేసింది.

"టాంజానియానా? అక్కడేం తింటారే?"

"అన్నమే నాన్నా. అందుకేగా పిలిచింది."

"నీకు వెళ్లాలని ఉందా?"

"చాలా ఉంది."

"మరి గొంతెందుకట్లా ఉంది?"

దానికి బీటెక్‌లో జవాబు చెప్పలేదు కాబట్టి, జలుబు చేసిందని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దుటి నుంచే వాన. సూర్యాపేట నుంచి లారీ వచ్చింది. టార్పాలిన్ చిరిగి లోడంతా నానింది. జితేందర్ గింజ కొరికాడు.

"పదహారు."

సేటు గొడుగు పడేసి ఉరికొచ్చాడు.

"పదహారేందిరా! లారీల కప్పలు ఈదుతున్నయ్!"

అఖిల మీటరు చూసింది. ఇరవై నాలుగు.

"ఎనిమిది పాయింట్లు! ఇవి ఏ పంటి సందున ఇరికాయి జితేందర్?"

అతను తలెత్తలేదు. "ఏమో అఖిలా. నాలుగు రోజులసంది ఏది కొరికినా ఒక్కతీర్గనే ఉంటున్నది."

"ఎందుకని?"

"నువ్వు పోతున్నవ్ గదా."

వాన కూడా ఒక్క క్షణం ఆగి విన్నది. ఇది మాత్రం నిజం.

"మరి పో పో అని తోశావేం?"

"ఉండుమంటే ఉంటవేమోనని భయమైంది. నా కోసం ఆగి, పదేండ్లకు ఎన్నడన్న 'వీనివల్లనే గదా' అనుకుంటే? నాకు నువ్వు గావాలె అఖిలా. నిన్ను ఆపినోణ్ణి మాత్రం గావొద్దు."

సేటు డ్రైవరు వైపు తిరిగాడు. "లారీ పక్కకు పెట్టు బిడ్డా. గీ కేసు తేలేదాక కొనుడు బంద్."

అఖిల ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. "నాన్నా, ఇరవై ఒకటి అన్నాడే, ఆ అబ్బాయి..."

"ఆ పళ్లోడా? అనుకున్నాలే. ఆ రోజు ధర తెగిందని నేనేడుస్తుంటే నువ్వు దారి పొడవునా నీలో నువ్వే నవ్వుకున్నావు. ఆదివారం వాళ్లమ్మను తీసుకుని ఇంటికి రమ్మను. మాట్లాడుకుందాం."

జితేందర్ ముఖం సంగతి చెప్పను. చెప్తే అబద్ధమంటారు.

గోడ గడియారంలో ఐదు కావస్తోంది. ల్యాబులో జవాబు రాసిన మెయిల్ తెర మీద తెరిచే ఉంది. అఖిల దాని ముందు కూర్చుంది. జితేందర్ గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా నుంచి నీళ్లు కారుతుండగా.

"జితేందర్, ఒక్కసారి 'ఉండు' అను."

"అంటే ఆగుతవా?"

"ఆగను. రెండేళ్లు చేసి వస్తాను. కానీ నన్ను ఉండమన్న మనిషి ఒకడున్నాడని తెలిసి వెళ్లాలి. అను."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఉండు అఖిలా."

"ఇంకోసారి."

"ఉండు."

"ఉండను," అంది అఖిల, కళ్లు తుడుచుకుని నవ్వుతూ, మెయిల్ పంపేసింది.